రాజోత్సవములు, రాగిరేకులు



ఐరోపా ప్రభువులు తమ వేడుకలను రాగిరేకులపై చెక్కించి అచ్చువేయించెడివారు. రేకుపై మైనపు పూత పూసి సూదితో గీయుదురు. ద్రావకము పోయగా గీతలున్న చోటనే రాగి తినబడును. ఆ చాళ్లలో సిరా నింపి తడి కాగితముపై నొత్తినచో బొమ్మ దిగును. ఒక్క రేకున వందల ప్రతులు. ఒక ఊరి వేడుక పరదేశపు దర్బారులకును చేరును. పద్దులు చూచువాడను గనుక నాకు తోచు మాట: బాణసంచా ఖర్చు ఒక్క రాత్రితో బూడిదయగును, రేకు ఖర్చు నిలుచును.

ఈ విద్యలో జాక్ కాలో (1592–1635) మేటి. ఫ్లారెన్సులో మెడిచీ ప్రభువుల కొలువున నుండి, 1619లో ఆర్నో నదిపై సాలెవారికిని అద్దకమువారికిని జరిగిన ఉత్తుత్తి యుద్ధమును విసనకఱ్ఱ కాగితముగా చెక్కెను. యుద్ధము చీమలబారువలె నుండును. మనవైపు వీపు త్రిప్పిన ప్రేక్షకులే పెద్దగా కనబడుదురు! 1620 నాటి ఇంప్రునేతా సంత చిత్రమున వేయిమందికి పైగా జనము; బేరగాండ్రు, బిచ్చగాండ్రు, గాడిదలు, కుక్కలు. ఫ్రెంచి రాజు కొఱకు రెండు ముట్టడులను చెక్కిన ఈతడే, 1633లో ఆ రాజు తన స్వస్థలమగు నాన్సీని పట్టుకొని దానినిగూడ చెక్కుమనగా, బొటనవ్రేలు నఱకుకొందును గాని చెక్కననెనని ప్రతీతి.

మన విజయనగరమున విజయదశమి తరువాతి మంగళవారము పైడితల్లి సిరిమాను ముమ్మారు కోటకు సాగును. పూసపాటివారు బురుజుపైనుండి చూతురు. పూజారి మాను కొసన కూర్చుండి పోవును. కాలో వచ్చియుండినచో బురుజెక్కడు. జనములో ఏ పిల్లవాని వెనుకనో నిలిచి గీసెడివాడు.

ఇక మన అరకులోయ. ఇటుకల పండుగకు మనవారాడు థింసా ఏ రాజు కొఱకును గాదు. తుడుము మ్రోగగా, ఒకరి నడుము వెనుకగా నొకరు చేతులు పెనవేసి గొలుసై తిరుగుదురు. అయినను అధికారులు వచ్చిన దినముల ఛాయాచిత్రములు చూడుడు: నడుమ దండలతో అతిథి, అంచున సగము తెగిన ఆడపడుచులు. అతిథి పేరు క్రింద నుండును. వీరి పేర్లో? సెంటు భూమికి గూడ అడంగలులో పేరు వ్రాయుదుము గదా!

ఇరువదియైదేండ్ల చిత్రములు మన గ్రంథాలయపు అట్టపెట్టెలో నున్నవి. సభ ముగియగానే బల్లపై పఱచెదను. ఆ గొలుసులోనివారిని గుర్తింపగలవారు రండు. పెన్సిలు నావద్ద నున్నది. పేరు, ఊరు చెప్పుడు, వెనుక వ్రాసెదను.