ఇంటిల్లిపాదికీ ఒక బండి – ఎంచుకునే పద్ధతి

(అహోబిలంలో జరిగిన మన సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘కుటుంబానికి ఎటువంటి వాహనం కొనాలి’ అన్న అంశంపై నన్ను మాట్లాడమన్నారు. నేను మెకానిక్కును కాను, ఫైళ్లలో నోట్ రాసి పైకి పంపిన గుమాస్తాను. కనుక దీనినీ ఒక ఫైలులాగే మీ ముందు పెడతాను. అవసరమేమిటి, ఖర్చెంత, నిబంధనలేమిటి, చివర సిఫారసు.

విషయం చిన్నదేమీ కాదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము జన్మకొకసారి వచ్చేది. అందులో పెద్ద ముక్క బండికి పోతే, రేపు ఆసుపత్రి ఖర్చుకు ఎవరి ముఖం చూడాలి?

మన కళ్లముందే ఎన్నో బండ్లు వచ్చి పోయాయి. 1984లో మారుతి వ్యాన్ వచ్చింది. ఓమ్ని అన్న పేరుతో 2019 వరకు నడిచింది. 1994లో వచ్చిన టాటా సుమోకు ఆ పేరు ఆ సంస్థకు సారథ్యం వహించిన సుమంత్ మూల్గావ్‌కర్ గారి పేరులోని అక్షరాలతో పెట్టినది. 2000లో క్వాలిస్, 2005లో దాని స్థానంలో ఇన్నోవా, 2010లో ఈకో, 2012లో ఎర్టిగా, 2019లో ట్రైబర్, 2022లో కారెన్స్ వచ్చాయి. పేర్లు ఎన్ని ఉన్నా చూడవలసినవి కొన్నే.

మొదటిది సీటు. మా ఇంట్లో ఏడుగురం. ఒక దుకాణానికి వెళ్లినప్పుడు కొడుకు స్టీరింగు చూశాడు, మనవడు పాటల పెట్టె చూశాడు. నేను మా ఆవిడను చివరి వరుసలో కూర్చోమన్నాను. మధ్య సీటు మడిచి, వంగి లోపలికి దూరాలి. కూర్చుంటే మోకాళ్లు రొమ్ముదాకా వచ్చాయి. దిగడానికి ఇద్దరు చెయ్యి పట్టవలసి వచ్చింది. “నేను ఇంట్లోనే ఉంటాను లెండి, మీరు పోయి రండి” అంది. ఆ మాటతో ఆ బండి ఫైలు మూసేశాము. ఏడుగురి కోసమని కొని, ఇంటి పెద్దదిక్కును ఇంట్లో వదిలి పోవడమెందుకు? అందుచేత బండిని మొదట ఎక్కి చూడవలసినది ఇంట్లో మోకాళ్ల నొప్పులున్నవారు. మధ్య వరుస వారిది. చివరి వరుస పిల్లలది. జరిపే తలుపు, తక్కువ ఎత్తు మెట్టు ఉంటే వారికి సుఖం.

రెండవది మన ఎండ. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే సీమ మనది. ముందున్న ఏసీ గాలి చివరి వరుసకు అందదు. వెనుక సీట్లకు విడిగా గాలి గొట్టాలు ఉన్నవీ లేనివీ ఎండ వేళలోనే చూసుకోవాలి.

మూడవది సామాను. ఏడుగురూ కూర్చుంటే చాలా బండ్లలో వెనుక రెండు సంచులకు మించి పట్టవు. మిగిలినవి పైకప్పుకు ఎక్కిస్తారు. పైన బరువు పెరిగితే మలుపుల్లో బండి ఒరుగుతుంది. దిగువ అహోబిలం నుండి ఎగువకు సుమారు 8 కిలోమీటర్ల కొండదారిలో వచ్చినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవది ప్రాణ రక్షణ. వెనుక కూర్చున్నవారికి బెల్టు ఎందుకంటారు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ గారు ఖరీదైన కారు వెనుక సీటులోనే ప్రమాదంలో మరణించారు. ఆయన బెల్టు పెట్టుకోలేదు. ఏడు సీట్లకూ బెల్టులు, తల ఆన్చే దిండ్లు ఉన్నాయా అని అడగండి. బెల్టు లేకుంటే 1,000 రూపాయల జరిమానా. అద్దె బండిలో పరిమితికి మించి ఎక్కిస్తే తలకు 200. టైరు మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. పాత బండి కొనేవారు దానిని తప్పక చదవాలి.

ఇక ఖర్చు. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు బండ్లపై జీఎస్టీ 18 శాతం. అంతకు మించిన పెట్రోలు బండ్లపై 40 శాతం. ఏడు సీట్లవాటిలో ట్రైబర్ మొదటి కోవకు, ఎర్టిగా రెండవ కోవకు వస్తాయి. బీమావారి తరుగు లెక్కలో నాలుగేళ్లు దాటిన బండి విలువ సగానికి పడుతుంది. ఆపైన ఏటా బీమా, సర్వీసు, టైర్లు. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడితే ఎట్లా?

కాబట్టి నా సిఫారసు ఇది. కొనబోయే ముందు ఒక ఏడాది పద్దు రాయండి. ఇంటిల్లిపాదీ కలిసి ఎన్నిసార్లు ప్రయాణం చేశారు? మా పద్దులో నాలుగు వచ్చాయి. నాలుగు ప్రయాణాలకు పెద్ద బండి కొని, తక్కిన దినాలు వాకిట్లో ఎండబెట్టడం మాకు సరిపడలేదు. ఆ నాలుగుసార్లూ అద్దె బండి మాట్లాడుకుంటున్నాము. మా ఆవిడకు మధ్య సీటు. నెలకు రెండు మూడుసార్లు అందరూ కదిలే ఇల్లయితే, వారానికోసారి డయాలసిస్ వంటి చికిత్సకు పోవలసినవారుంటే, కొనడమే న్యాయం.

అద్దెకు తీసుకునేవారు పసుపు పలకపై నల్ల అక్షరాలున్న బండినే ఎక్కండి. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల పలక బండిని బాడుగకు తిప్పితే, ప్రమాదం జరిగిన నాడు బీమా సొమ్ముకు చిక్కు వస్తుంది.

ఇక్కడి స్వామి సంక్రాంతి వెళ్లగానే పార్వేట ఉత్సవానికి పల్లకిలో ఊరూరా తిరిగి భక్తులను చూసి వస్తాడు. ఆయనకు మోసే బోయీలున్నారు. మనల్ని మోసేది మన పిల్లలు కొనే బండి. దానిలో ముసలివారికి ఎక్కడ చోటు అని, కొనక ముందే, సంకోచించక అడగండి. అడగడం మన హక్కు.