బ్యాంకువారి సంపద సలహాలు

పదవీవిరమణానంతరము చేతికందిన భవిష్యనిధియో, భూమి నమ్మగా వచ్చిన ధనమో పొదుపు ఖాతాలో జమపడిన కొలది దినములకే, బ్యాంకునుండి మిక్కిలి మృదువైన కంఠముతో నొక ఫోను వచ్చుట నేడు మన పట్టణములలో సామాన్యవిషయమైనది. నిల్వ ఒక మేరకు మించినంతనే ఖాతాదారుని విశిష్టవర్గమున చేర్చి, అతనికొక రిలేషన్‌షిప్ మేనేజరును నియమించి, లాకరు అద్దెలో తగ్గింపును, విమానాశ్రయమున విశ్రాంతిమందిర ప్రవేశమును ఎరచూపి, పిమ్మట మ్యూచువల్ ఫండ్లను, బీమాను మదుపును కలిపిన యూలిప్ పాలసీలను ముందుంచుట ఈ వ్యాపారపు రీతి. నిల్వ తగ్గినచో ఆ కంఠమే వినబడదు, అది వేరు మాట.

ఆ ఉద్యోగి మర్యాదస్థుడే కావచ్చును; కాని యతని నెలసరి లక్ష్యము మన యవసరమును బట్టి నిర్ణయింపబడినది కాదు. ఫండ్లపై ప్రవేశ రుసుమును మార్కెట్ నియంత్రణ సంస్థయైన సెబీ 2009లో రద్దుచేసినను, రెగ్యులర్ ప్లానునందు అమ్మిన సంస్థకు ఏటేట కమిషను ముట్టుచునే యుండును. అది ఫండు వ్యయములలో కలిసిపోవుటచే మన కంటబడదు. 2013 జనవరి నుండి అమలులోనున్న డైరెక్ట్ ప్లానులో ఈ కమిషను లేదు. కనుకనే కాబోలు, దాని ప్రస్తావన బ్యాంకు గదిలో అరుదు.

ఇక యూలిప్పును ఫిక్సెడు డిపాజిట్టు వంటిదే యని నోటిమాటగా చెప్పువారు కలరు. కాని యూలిప్పులో వేసిన సొమ్ము అయిదేండ్లవరకు చేతికి రాదు. డిపాజిట్లకు గల 5 లక్షల రూపాయల బీమారక్షణయు దానికి వర్తింపదు. సంతకమైన పిదప సంశయము గలిగినచో, పాలసీ పత్రము చేరిన 30 దినములలోపల దానిని తిప్పి పంపి, నాటి యూనిట్ల విలువను బట్టి, కొన్ని ఖర్చులు పోగా, సొమ్ము రాబట్టుకొనవచ్చును.