షవర్మా తిని ఆస్పత్రి పాలైతే డబ్బులు ఎవరిస్తారు?

పోయినేడు మా రూమ్మేట్ షవర్మా తిని రెండు రోజులు సెలైన్ మీదున్నాడు. ఖర్చు 18 వేలు. హోటల్ ఓనర్‌ని అడిగితే, "మా దగ్గరే తిన్నావని గ్యారంటీ ఏంటి తమ్ముడూ?" అన్నాడు. మండింది. కానీ కన్స్యూమర్ కమిషన్ కూడా అదే అడుగుతుంది కదా. మావాడు క్యాష్ ఇచ్చాడు, బిల్లు అడగలేదు. కథ అక్కడే ఆగిపోయింది.

అందుకే వాంతులు మొదలైతే రివ్యూ తర్వాత రాసుకోవచ్చు, ముందు రుజువులు. బిల్లు, యూపీఐ స్క్రీన్‌షాట్ దాచండి. ఎక్కడ, ఎప్పుడు తిన్నారో డాక్టర్‌తో చీటీలో రాయించండి. యాంటీబయాటిక్ పడకముందే స్టూల్ కల్చర్ చేయిస్తారేమో అడగండి, మందు పడ్డాక బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. మీతో తిన్నవాళ్లకీ కడుపు పాడైతే వాళ్ల చీటీలూ తీసుకోండి. అన్నట్టు, చివర తిన్నదే దోషి అని ఫిక్సయిపోవద్దు. సాల్మొనెల్లా అయితే 6 గంటల నుంచి 6 రోజుల్లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు.

ముందు 1915కి కాల్ చేయండి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, మీరు కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫీజూ లేదు. గడువు మాత్రం 2 ఏళ్లే.

మావాడు ఇప్పుడు టీ తాగినా ఫోన్‌లోనే కడుతున్నాడు.