సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా శ్రామికుడే



ఢిల్లీకి ఆగ్నేయంగా, యమునానది ఆవలి ఒడ్డున నోయిడా పట్టణం ఉన్నది. 1976 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దీనిని పారిశ్రామిక నగరంగా నెలకొల్పినది. అదే సంవత్సరం ఆగస్టులో తమిళనాడుకు చెందిన శివ్ నాడార్, మరికొందరు యువ ఇంజనీర్లు కలిసి హెచ్.సి.ఎల్. సంస్థను ప్రారంభించారు. 1978లో ఐ.బి.ఎం. భారతదేశాన్ని విడిచి వెళ్ళిన పిమ్మట స్వదేశీ కంప్యూటర్ పరిశ్రమకు అవకాశాలు విస్తరించినవి. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల వ్యవస్థ ఏర్పడి విదేశీ ఎగుమతులకు మార్గం సుగమం చేసినది. నేడు నోయిడా ప్రధాన కేంద్రంగా ఉన్న హెచ్.సి.ఎల్. సాఫ్ట్‌వేర్ సంస్థలోనే రెండు లక్షలకు మించిన ఉద్యోగులున్నారు. నోయిడా, గురుగ్రామ్ పట్టణాలలో ఇటువంటి కార్యాలయాలు మరెన్నో వెలసినవి.

ఈ కార్యాలయాలలో తెలుగు, తమిళ, హిందీ, బెంగాలీ, పంజాబీ మాతృభాషలుగా గల యువతీయువకులు ఒకే బల్ల చుట్టూ కూర్చొని పని చేస్తున్నారు. భిన్న ప్రాంతాల ప్రజలు కలిసి శ్రమించడం జాతీయ సమైక్యతకు గట్టి పునాది. అయితే కలిసి పని చేసేవారు ఏ పరిస్థితులలో పని చేస్తున్నారన్నది కూడా విచారించవలసిన విషయమే.

ఈ వృత్తిలో ప్రధాన సమస్య కాలం. న్యూయార్క్‌లో ఉదయం పది గంటలయినప్పుడు నోయిడాలో వేసవిలో రాత్రి ఏడున్నర, శీతకాలంలో ఎనిమిదిన్నర అవుతుంది. కాలిఫోర్నియా అంతకంటె మరి మూడు గంటలు వెనుక ఉన్నది. ఉదయం కార్యాలయానికి వచ్చిన ఇంజనీరు పగలంతా ప్రోగ్రాములు వ్రాసి, రాత్రి విదేశీ క్లయింటుతో సమావేశానికి కూర్చుంటాడు. ఆ సమావేశం ముగిసేసరికి మెట్రో రైళ్ళు ఆగిపోవచ్చు. అప్పుడు కంపెనీ ఏర్పరచిన క్యాబే ఆధారం. ఇంటికి చేరిన తరువాత కూడా ఫోను మ్రోగుతూనే ఉంటుంది.

ఈ గంటలను లెక్కించేదెవరు? ఇంజనీర్లు టైంషీటు నింపుతారు. కాని అది ప్రధానంగా ఏ ప్రాజెక్టుకు ఎన్ని గంటలు వినియోగమయినవో తెలిపే లెక్క. మనిషి అలసటకు లెక్క కాదు. ప్రాజెక్టు లేని రోజులలో, వారి పరిభాషలో 'బెంచి' మీద ఉన్నప్పుడు, ఉద్యోగం నిలుస్తుందో లేదోనన్న చింత వేధిస్తుంది. అందుచేత ప్రాజెక్టు ఉన్నప్పుడు అదనపు పనిని కాదనడానికి చాలామంది వెనుకాడుతారు.

దీర్ఘకాల శ్రమ వలన కలిగే నష్టం ఊహాజనితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనాన్ని ప్రకటించినవి. వారానికి 35 నుండి 40 గంటలు పని చేసేవారితో పోల్చినప్పుడు, 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెకు రక్తప్రసారం తగ్గే వ్యాధితో మరణించే ప్రమాదం 17 శాతం అధికమని అందులో తేలినది.

చట్టం ఈ విషయమై మౌనంగా లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సాంకేతికమైన పని చేసేవారిని కూడా కార్మికుల నిర్వచనంలో చేర్చినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్లు కూడా ఆ మాటను నిలిపి ఉంచినవి. నిర్వాహక పదవులలోని వారికి, నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందే పర్యవేక్షకులకు నిర్వచనం వర్తించదు. సాంకేతిక పని చేసేవారికి అటువంటి వేతన పరిమితి లేదు. గుర్తింపు కార్డుపై ఏ హోదా వ్రాసినప్పటికీ, వాస్తవంగా చేసే పని స్వభావమే ప్రమాణం. రోజుకు ఎనిమిది గంటల పని, అదనపు గంటలకు రెట్టింపు వేతనం, నియామక పత్రం, స్త్రీలు రాత్రివేళ పని చేయడానికి వారి సమ్మతి, తగిన రక్షణ—ఇవి ఆ కోడ్లలో ఉన్నవి. అయినప్పటికీ ఎంతోమంది ఇంజనీర్లు తమను కార్మికులుగా భావించుకొనరు. మంచి జీతం, చల్లని గది, ఆంగ్ల సంభాషణ—ఈ మూడూ శ్రమను కనబడకుండా చేస్తున్నవి.

నోయిడా 24వ సెక్టారులో ఒక తెలుగువాని పేరు నిలిచి ఉన్నది. 1974లో ఏర్పడిన జాతీయ శ్రామిక సంస్థకు 1995లో వి.వి. గిరి పేరు పెట్టారు. 1894లో బరంపురంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి రైల్వే కార్మికుల నాయకుడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన ఆయన, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో పదవిని త్యజించారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులు కూడా కుర్చీలలో కూర్చొని, కలము పట్టి పని చేసినవారే. వారి శ్రమను ఆయన శ్రమ కాదనలేదు.

వివాదాన్ని ప్రభుత్వ నిర్బంధ తీర్పుకు వదలక, యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చొని పరిష్కరించుకొనవలెనన్నది ఆయన సిద్ధాంతం. కార్మిక చరిత్రలో దానికి 'గిరి విధానం' అని పేరు. ఇరవైమంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలోను ఫిర్యాదుల పరిష్కార సంఘం ఉండవలెననీ, అందులో ఉభయపక్షాలకు సమాన ప్రాతినిధ్యం ఉండవలెననీ నేటి పారిశ్రామిక సంబంధాల కోడ్ నిర్దేశిస్తున్నది. స్త్రీలకు కూడా అందులో తగిన స్థానం ఉండవలెను. రాత్రి సమావేశాలను వంతులవారీగా పంచుకొనడం, రాత్రి పని చేసినవారికి మరునాటి ఉదయం విరామమివ్వడం, వాస్తవ పని గంటలను నమోదు చేయడం వంటివి ఆ సంఘంలో చర్చించదగినవి. వీటి వలన పరిశ్రమకు కూడా మేలే. అలసిన బుద్ధి వ్రాసిన ప్రోగ్రాములోని తప్పులను సరిదిద్దడానికి మరల పని గంటలే వెచ్చించవలెను.

నేటి కళాశాలల నుండి రేపు ఎందరో విద్యార్థులు ఈ వృత్తిలో ప్రవేశించనున్నారు. వారు కంప్యూటరు భాషలతోపాటు తమ నియామక పత్రంలోని భాషను కూడా చదివి గ్రహించవలెను. అందులో పని గంటలెన్ని, నోటీసు కాలమెంత, ఫిర్యాదు ఎవరికి చెప్పుకొనవలెను అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెదకి, ఆ తరువాతనే సంతకం చేయడం మేలు.