మంచు తీరాన ఒక బొగ్గు ఊరు

నార్వే దేశానికి కూడా చాలా ఉత్తరంగా, ధ్రువానికి చేరువలో, స్వాల్‌బార్డ్ అనే ద్వీపసముదాయం ఉన్నది. అందులో పెద్దదైన స్పిట్స్‌బెర్గెన్ ద్వీపంలో, ఒక సముద్రపు పాయ ఒడ్డున, లాంగియర్‌బ్యెన్ అనే చిన్న ఊరు వెలసినది. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడినుండి ఉత్తర ధ్రువం సుమారు 1300 కిలోమీటర్లు. జనం రెండున్నర వేలు. చెట్టన్నది కనబడదు. అక్టోబరు చివరిలో అస్తమించిన సూర్యుడు మరల ఫిబ్రవరి నడుమగాని ఉదయించడు. అప్పటికి కూడా చుట్టూ కొండలు అడ్డమున్నందువల్ల ఊరిలో ఎండ పడేసరికి మార్చి 8వ తేదీ అవుతుంది. ఆనాడు పిల్లలూ పెద్దలూ పాత ఆసుపత్రి మెట్లవద్ద చేరి సూర్యునికొరకు ఎదురుచూస్తారు. సంక్రాంతి జరుపుకొనే మనకు ఈ ఎదురుచూపు బొత్తిగా పరాయిది కాదు.

నేను ఆ ఊరు చూచినది 2025 జూలైలో. అప్పుడు రాత్రి లేదు. ఏప్రిల్ 20 మొదలు ఆగస్టు 22 దాకా సూర్యుడు క్షితిజం దిగడు. ఓస్లోనుండి విమానంలో మూడు గంటల ప్రయాణం. ఈ ద్వీపాలలో అడుగు పెట్టడానికి ఏ దేశస్థునికీ వీసా అక్కరలేదని చెప్తారు. మాట నిజమే. కాని దారి నార్వే మీదుగానే గదా! పోవుటకు ఒకసారి, తిరిగి వచ్చుటకు మరొకసారి అక్కడ ప్రవేశం దొరికే వీసా ముందుగానే చేతిలో ఉండవలె.

విమానం దిగే చోటు పేరు హోటెల్‌నెసెట్, అనగా హోటలు ఉన్న భూశిరం. 1896లోనే అక్కడ యాత్రికులకొరకు ఒక చిన్న హోటలు కట్టినారు. ఐరోపా సంపన్నులు వేసవిలో ఓడలెక్కి మంచుకొండలు చూడవచ్చేవారు. హోటలు ఎంతోకాలం నిలువలేదు. ఓడలు మాత్రం వస్తూనే ఉన్నవి. 1901లో అట్టి విహారనౌకలోనే జాన్ మన్రో లాంగియర్ అనే అమెరికా వ్యాపారి సకుటుంబంగా ఈ ద్వీపాలకు వచ్చినాడు. వచ్చినది వినోదానికి, కంటబడినది బొగ్గు. 1906లో ఆయన ఆర్కిటిక్ కోల్ కంపెనీ స్థాపించి గనులు తెరిపించినాడు. ఊరికి ఆయన పేరే నిలిచినది. బొగ్గు పోయి యాత్రికులు వచ్చినారని ఈనాడు అందరూ చెప్పుకొంటారు గాని, నిజానికి యాత్రికుడే ముందు వచ్చినాడు. బొగ్గు అతని వెనుక వచ్చినది.

1916లో గనులు నార్వేవారి చేతికి వచ్చినవి. స్టోరె నోర్స్కె అనే ఆ కంపెనీయే దీర్ఘకాలం ఊరికి యజమాని. ఇండ్లు దానివి, అంగడి దానిది. 1980 ప్రాంతం వరకు ఊరిలో చెల్లుబాటయ్యే నోట్లు కూడా దానివే. 1975లో విమానాశ్రయం తెరిచేవరకు, చలికాలంలో సముద్రం గడ్డకట్టిన తరువాత, వేసవిదాకా ఓడ రాదు. ఆ నెలలన్నీ చాలమంది ఉన్నచోటనే.

కొత్తగూడెం, ఇల్లందు ప్రాంతాల శ్రోతలకు గని అనగానే నేలలోనికి దిగే దారి తలపునకు వస్తుంది. ఇక్కడ అది తలక్రిందులు. బొగ్గు పొర కొండ చరియలో పైన ఉన్నది. కార్మికుడు కొండ ఎక్కి, అడ్డంగా తొలిచిన సొరంగంలోనికి పోవలె. తవ్విన బొగ్గు తొట్లలో ఇనుపతాళ్ల మీదుగా గాలిలో తేలి రేవుకు దిగేది. ఆ తాళ్లను మోసిన కర్రస్తంభాలు నేటికీ కొండవాలు మీద వరుసగా నిలిచి ఉన్నవి. 1946కు పూర్వపు మానవ నిర్మాణమేదైనా ఇక్కడ చట్టరీత్యా రక్షితమే. 1996లో మూతపడిన మూడవ నంబరు గనిలోనికి యాత్రికులను తీసుకొనిపోతారు. అంగీ, శిరస్త్రాణం, దీపం ఇచ్చినారు. బొగ్గు పొర మోకాటి ఎత్తుకు కాస్త పైన ఉంటుందేమో! మనిషి ప్రక్కకు పడుకొని తవ్వవలసినదే. నేను ఆ సందులో కొద్ది నిమిషాలు పడుకొని చూచాను. రాయి ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉన్నందున నీరు ఊరదు. కాని చలి ఎముకలోనికి దిగుతుంది. అందులో జీవితకాలం పనిచేసినవారున్నారు. 1920 జనవరి 3వ తేదీన ఒకటవ నంబరు గనిలో బొగ్గుధూళి పేలి 26 మంది మరణించినారు.

గనివాడు బూట్ల బొగ్గుమసి లోపలికి తేకుండా గడపవద్దనే విడిచేవాడు. ఆ అలవాటు చెడలేదు. హోటలులోనూ, మ్యూజియంలోనూ పాదరక్షలు విడిచి పోవలె. మనవారికి ఇది ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. ఆ పాశ్చాత్య యాత్రికులు తికమకపడుట చూచి నాకు కొంచెం నవ్వు వచ్చిన మాట వాస్తవం.

ఏడవ నంబరు గని 2025 జూన్ 30న మూతపడినది. స్వాల్‌బార్డ్‌లో నార్వేవారి బొగ్గు తవ్వకం దానితో ముగిసినది. బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాన్ని 2023లోనే ఆపివేసినారు. ఇప్పుడు దీపాలు వెలిగేది ఓడలో తెచ్చిన డీజిలుతో. ఇంటి కొండలోని బొగ్గు మాని బయటి చమురుకు మారుటలో ఊరికి కలిగిన మేలెంత అన్న వాదన అక్కడ తీరలేదు. వాతావరణం మాత్రం వాదనకొరకు ఆగుట లేదు. ప్రపంచపు సగటుకంటె అనేక రెట్ల వేగంతో ఇక్కడ వేడి పెరుగుతున్నది. ఇండ్లు చాలవరకు గడ్డకట్టిన నేలలో దించిన కొయ్యల మీద నిలిచినవి. నేల కరిగితే కొయ్య కదులుతుంది. 2015 డిసెంబరులో కొండమీది మంచు జారిపడి పదకొండు ఇండ్లు ధ్వంసమైనవి, ఇద్దరు మరణించినారు. లోకంలోని పంటల విత్తనాలను భద్రపరచుటకు 2008లో ఇక్కడి కొండలో ఒక భాండాగారం తెరిచినారు. 2016లో దాని ప్రవేశ సొరంగంలోనికే నీరు చొరబడినది. విత్తనాలకు హాని కలుగలేదు.

ఈ కరిగే మంచును చూడటానికే ఓడలు వస్తున్నవి. కొన్ని ఓడలలోని జనం ఊరి జనంకంటె ఎక్కువ. ఉదయం దిగుతారు, వీధిని నింపుతారు, తెల్ల ఎలుగుబంటి బొమ్మ కొంటారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. 2025 జనవరి నుండి నార్వే ప్రభుత్వం నిబంధనలు బిగించినది: రక్షిత ప్రాంతాలకు 200 మందికి మించిన ఓడ పోరాదు, అక్కడ యాత్రికులు ఒడ్డు దిగదగిన చోట్లు 43 మాత్రమే, ఎలుగుబంటికి 300 మీటర్ల లోపు చేరరాదు, మార్చి మొదలు జూన్ చివర వరకు 500 మీటర్లు. నా మట్టుకు ఇది సరియైన పనియే. అయితే ఈ హద్దు ఊరి రేవుకు వర్తించదు.

ఈ ద్వీపాల మీద నార్వేకు సార్వభౌమత్వం ఇచ్చినది 1920 నాటి పారిస్ ఒప్పందం. సంతకం చేసిన పక్షాలలో నాటి బ్రిటిష్ ఇండియా ఒకటి. ఆ ఒప్పందం వల్లనే అక్కడ నివసించి వ్యాపారం చేసే హక్కు మనకూ ఉన్నది. మన దేశపు హిమాద్రి పరిశోధనాకేంద్రం 2008 నుండి నీ-ఓలెసున్‌లో నడుస్తున్నది. అదికూడ ఒకనాటి బొగ్గు ఊరే. 1962లో 21 మందిని బలిగొన్న ప్రమాదంతో అక్కడి గని మూతపడినది.

లాంగియర్‌బ్యెన్‌లో మూడింట ఒకవంతుకు మించి విదేశీయులు. థాయిలాండ్, ఫిలిప్పైన్స్ వారు హెచ్చు. హోటలు గదులు ఊడ్చేదీ, వంటచేసేదీ, అంగడిలో నిలబడేదీ చాలవరకు వారే. ఒక అంగడిలో థాయి దేశపు ఆమె పన్నెండేండ్లుగా ఇక్కడనే ఉంటున్నానన్నది. కొడుకు ఈ ఊరి బడిలోనే చదువుతున్నాడట. 2022లో వచ్చిన నియమం ప్రకారం విదేశీయులు నార్వే ప్రధాన భూభాగంలో మూడేండ్లు నివసించి ఉంటేగాని ఇక్కడి స్థానిక ఎన్నికలలో ఓటు లేదు. ఆమె ఆ భూభాగంలో కాపురం చేయలేదు. ఓడలు వచ్చి నిలిచే రేవును నడిపేది ఆ స్థానిక సభే. 2023లో దానికి ఎన్నికలు జరిగిననాడు తాను యథాప్రకారం అంగడి తెరిచి కూర్చున్నానని ఆమె చెప్పినది.