బొగ్గుపులుసు వాయువు నుంచి రసాయనాలు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి ప్రక్కన, సిల్తరా పారిశ్రామికవాడలో స్పాంజి ఇనుము కర్మాగారాల పొగగొట్టాలు బారులు తీరి కనిపిస్తవి. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువును బాక్టీరియాకు మేతగా వేసి, ఉపయోగకరమైన రసాయనాలు తీయవచ్చునన్న మాట నేడు తరచు వినవస్తున్నది. మాట నిజమే. కాని అందులో ఒక లెక్క ఉన్నది.

పాలు తోడుకొనడం, ఇడ్లీ పిండి పులియడం అందరూ ఎరిగిన కిణ్వనాలు. అక్కడ సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని విడుస్తవి. చక్కెర అక్కరలేని జీవులు కూడ ఉన్నవి. బొగ్గుపులుసు వాయువు, ఉదజని ఈ రెండింటితోనే జీవిస్తూ ఎసిటికామ్లాన్ని, అనగా వినెగర్‌లోని పులుపును, తయారుచేసే బాక్టీరియాను 1936లో హాలండు శాస్త్రజ్ఞుడు వీరింగా వెల్లడించాడు. ఆ మార్పు ఏయే అంచెలలో సాగుతుందో తేల్చడంలో ముఖ్యులు అమెరికాలో పనిచేసిన హార్లండ్ వుడ్, లార్స్ యుంగ్‌డాల్.

రాయ్‌పూర్‌కు పడమరనున్న భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్టు కొలిమి 1959లో ఆరంభమైనది. అటువంటి కొలిమి వాయువులో సుమారు ఐదవ వంతు కార్బన్ మోనాక్సైడు. అది మండే వాయువు; శక్తి దానిలోనే ఉన్నది. చైనాలో 2018లో ఇటువంటి ఉక్కు కర్మాగారపు వాయువుతోనే ఇథనాల్ ఉత్పత్తి ప్రారంభమైనది.

సిల్తరా సంగతి వేరు. స్పాంజి ఇనుము కొలిమి నుంచి వచ్చే మోనాక్సైడును అక్కడే మండించి, ఆ వేడితో అనేక చోట్ల విద్యుత్తు తీస్తారు. చివరకు మిగిలేది మండిపోయిన వాయువు, పొయ్యిలోని బూడిద వంటిది. దానికి తిరిగి శక్తి నివ్వవలెనంటే ఉదజని కావలెను.

కిలో ఎసిటికామ్లానికి దాదాపు ఒకటిన్నర కిలోల బొగ్గుపులుసు వాయువు, 133 గ్రాముల ఉదజని పట్టును. నీటిని విడగొట్టి అంత ఉదజనిని పొందడానికి సుమారు 7 యూనిట్ల విద్యుత్తు అవసరం. అది బొగ్గుతో తీసిన విద్యుత్తయితే యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఒకటిన్నర కిలోలు పట్టడానికి ఆరేడు కిలోలు విడవడమన్నమాట! చెంబెడు నీరు దాచడానికి కడవెడు ఒలకబోయడమే.

సూర్యరశ్మితో తీసిన విద్యుత్తయితే లెక్క తిరగబడుతుంది. అయితే ప్రొద్దు గ్రుంకగానే ఉదజని ఆగిపోతుంది. బాక్టీరియా ఆకలి ఆగదు. రాత్రికి సరిపడే వాయువును నిల్వచేయడానికి పెద్ద తొట్లు కట్టవలెను. ఆ ఖర్చు కూడ ఆమ్లం ధరలోనే చేరుతుంది.