ఆ గోలలో ఏముందో విందాం



ఈ రోజుల్లో ఏ ఇంట చూసినా పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "ఏటిరా ఆ గోల? పాటా, తగువా?" అని అడగని తల్లి మా అరసవల్లిలో లేదంటే అతిశయోక్తి కాదు. రాగం తీయకుండా, దరువు మీద గబగబా మాటలు దొర్లించుకుంటూ పోయే ఈ పద్ధతిని ర్యాప్ అంటారు. ర్యాప్‌తో కూడిన సంగీతం హిప్‌హాప్. సినిమాల పుణ్యమా అని ఇది మనకు కొంత పరిచయమే. అయితే ఇందులో భక్తి పాటలు కూడా ఉన్నాయనీ, యేసు ప్రభువును గురించి ర్యాప్ పాడేవారున్నారనీ చాలామందికి తెలియదు. అటువంటివారిలో పేరెన్నికగన్నవాడు లెక్రే అనే అమెరికా గాయకుడు. 2025 ఆగస్టులో ఆయన కొత్త ఆల్బమ్ వచ్చింది. దాని పేరు 'రీకన్‌స్ట్రక్షన్', అంటే పునర్నిర్మాణం. ఆయన పాటల నుంచి తల్లులమైన మనం గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఈవేళ దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

అసలీ హిప్‌హాప్ ఎక్కడ పుట్టిందో తెలుసా? న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేట ఉంది. 1973 ఆగస్టు 11న అక్కడ ఓ అన్నాచెల్లెలు పాటల విందు పెట్టారు. ఎందుకనుకున్నారు? బడి తెరిచే వేళకు చెల్లెలికి కొత్త బట్టలు కావాలి, అందుకు డబ్బు కావాలి. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టిక్కెట్టు. ఆ చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. రికార్డులు తిప్పిన అన్న తర్వాత కూల్ హెర్క్ అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా లోకమంతా చెప్పుకునేది ఆ రోజునే. పెద్ద కచేరీలో కాదు, ఆడపిల్ల బట్టల ఖర్చు దగ్గర పుట్టిందన్నమాట!

ఇక దరువు మీద మాటలు చెప్పడం మనకు కొత్తా చెప్పండి? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జముకుల కథ వినని పల్లె ఉందా? గుండెల మీద రేకు తప్పెటలు వాయిస్తూ, కాళ్ల గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఆడే తప్పెటగుళ్లు చూడని ఊరుందా? వాటిలోనూ మాట పరుగెడుతుంది, దరువు దాన్ని తరుముతుంది. అది మనకు ముద్దు. ఇది మాత్రం గోల!

లెక్రే 1979లో హ్యూస్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి మత్తుమందులకు బానిసై ఇల్లు వదిలిపోగా, తల్లి ఒంటరిగా పెంచింది. పిల్లవాడు దారి తప్పాడు. కాలేజీలో చదివేటప్పుడు, పంతొమ్మిదో ఏట, క్రీస్తు మీద గురి కుదిరింది. ఆ తర్వాత నేరాలు చేసిన బాలలను ఉంచే గృహానికి సేవ చేయడానికి వెళ్తూ, అక్కడి కుర్రాళ్లకు తన ర్యాప్ వినిపించాడు. ప్రసంగాలకు కదలని పిల్లలు ఈ పాటలకు కదిలారు. అదే ఆయనకు దారి చూపింది. 2004లో ఒక మిత్రునితో కలిసి రీచ్ రికార్డ్స్ సంస్థ పెట్టాడు. 'గ్రావిటీ' అనే ఆల్బమ్‌కు 2013లో గ్రామీ బహుమతి వచ్చింది. 2014లో వచ్చిన 'అనామలీ' అమెరికాలో అన్ని రకాల ఆల్బమ్‌ల పట్టికలోనూ మొదటి స్థానంలో నిలిచింది.

ఇంత పేరు వచ్చినా అందరూ మెచ్చుకున్నారా అంటే, లేదు. "దేవుడి పాటకు ఈ వరస ఏమిటి?" అన్నారు కొందరు చర్చివారు. "ఇది పాటా, ప్రసంగమా?" అన్నారు కొందరు ర్యాప్ అభిమానులు. ఈ తగవు మనకూ తెలిసిందే. అయ్యప్ప మాలల రోజుల్లో సినిమా బాణీల్లో భజనలు వినబడితే పెద్దలు చెవులు మూసుకోవడం చూస్తూనే ఉన్నాం కదా!

మన ప్రాంతంలోనే జరిగిన ఒక కథ చెబుతాను. పర్లాకిమిడి దగ్గర 1803లో, వంగదేశం నుంచి వచ్చిన ఒక బ్రాహ్మణ కుటుంబంలో పురుషోత్తమ చౌదరి గారు పుట్టారు. మన శ్రీకాకుళంలో క్రైస్తవ బోధ చేస్తుండిన హెలెన్ నాట్ అనే ఆమెతో పరిచయం ఆయన జీవితాన్ని మార్చివేసింది. 1833లో బాప్తిస్మం పుచ్చుకున్నారు. దొరల చర్చిలలో అప్పుడు పాశ్చాత్య బాణీలే పాడేవారు. చౌదరి గారు మాత్రం మన రాగాలలో, మన తాళాలలో నూరుకు పైగా కీర్తనలు కట్టారు. తెలుగు క్రైస్తవుల కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి కనిపిస్తాయి. ఆనాడు కొత్తగా తోచిన పద్ధతే ఈనాడు అమ్మమ్మలు కంఠస్థంగా పాడుకునే సంప్రదాయం అయింది. వినేవాడికి అలవాటైన బాణీలో చెబితేనే మాట మనసుకెక్కుతుందని ఆయనకు తెలుసు. లెక్రే చేస్తున్నదీ అదే.

ఇక అసలు సంగతికి వద్దాం. 'అనామలీ'లో ఒక పాట ఉంది. తన వల్ల గర్భవతి అయిన అమ్మాయికి గర్భస్రావం జరిగిందనీ, అందులో తన తప్పు ఉందనీ లెక్రే ఆ పాటలో నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. సాధారణంగా ఇటువంటి కథలలో నింద ఎవరి మీద పడుతుందో మనకు తెలియనిది కాదు. మగవాడు తన వంతు తాను మోస్తానని ముందుకు రావడం ఎక్కడో గాని చూడం. అదే పాటలో మరో సంగతి చెప్పాడు. చిన్నతనంలో, తనను చూసుకోవడానికి వచ్చిన మనిషి చేతిలోనే తాను లైంగిక వేధింపుకు గురయ్యానని! ఎన్నో ఏళ్లు ఎవరికీ చెప్పలేకపోయిన మాట చివరకు పాటగా బయటకు వచ్చింది. ఆ తర్వాత మనోవ్యాధితో బాధపడి, కోలుకుని, 2020లో దాన్ని గురించి పుస్తకమే రాశాడు. కొత్త ఆల్బమ్‌కు పునర్నిర్మాణం అని పేరు పెట్టుకోవడం ఇటువంటి మనిషికే తగింది. కూలింది ఏదో పైకి చెప్పుకోగలిగినవాడే తిరిగి కట్టుకోగలడు.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకుంటున్నారా? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన దేశంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి తెలుసుకుంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలు! ఆడపిల్ల విషయంలో మనం వెయ్యి కళ్లతో చూస్తాం. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అని వదిలేస్తాం. "మగాడివై ఏడుస్తావేంట్రా?" అని నోరు కూడా నొక్కేస్తాం. అలా నొక్కిన మాట ఎక్కడికి పోతుంది? ఒక్కోసారి కోపంగా మారుతుంది, ఒక్కోసారి తాగుడుగా మారుతుంది. అదృష్టం బాగుంటే పాటగా మారుతుంది.

అందుచేత నా మనవి ఇది. ఈసారి మీ అబ్బాయి గదిలోంచి ఆ దరువు వినిపిస్తే ఆపెయ్యమని కసరకండి. పది నిమిషాలు పక్కన కూర్చోండి. "ఇందులో ఏమంటున్నాడు నాన్నా? నాకూ చెప్పు" అని అడగండి. అన్ని ర్యాప్ పాటలూ మంచివని నేననను. బూతులున్నవి, ఆడవాళ్లను కించపరిచేవి, ఇంకొకరి దేవుణ్ణి తిట్టేవి కూడా ఉంటాయి. కాని మంచిచెడ్డలు మాటను బట్టి తేల్చాలే గాని దరువును బట్టి కాదు. వాడు ఏ పాట పదే పదే పెట్టుకుంటున్నాడో గమనించండి. వాడి మనసులోని మాట అందులో ఉండవచ్చు.

ఒకవేళ వాడు నోరు విప్పి బాధ చెబితే, "ఛీ, బయట అనకు" అనవద్దు. "నీ తప్పేమీ లేదు" అన్న మాట ముందు చెప్పండి. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా రక్షణ ఇస్తోంది. తెలిసినవారు దాచకుండా పోలీసులకు చెప్పాలని కూడా ఆ చట్టమే అంటోంది. పిల్లల సహాయానికి 1098 అనే నంబరు ఉంది. రాత్రనక పగలనక పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. ఈ నంబరు వంటింటి గోడ మీద పాల లెక్క పక్కన రాసి పెట్టుకోండి.

పాట ఏ మతానిదైనా, ఏ వరసలో ఉన్నా, దాని వెనుక ఒక తల్లి బిడ్డ ఉంటాడు. ఊరంతా విన్నాక చివరన మనం వినడం కంటే, ఇంట్లో ఉండగానే ముందు మనం వినడం మేలు కదూ? ఆలోచించండి.